కాగితం అడిగేవారు కాగితం ఇవ్వరా?

పిండి గిన్నెతో సహా దోసెల బండిని ట్రాక్టర్ ట్రాలీలోకి ఎత్తేశారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణంలో, బస్టాండు ఎదురుగా, పొద్దున ఏడున్నరకు, జనం ప్లేట్లు పట్టుకుని తింటుండగానే. బండి నడిపే ఆమె సాయంత్రం దాకా పురపాలక కార్యాలయం మెట్ల మీదే కూర్చుంది. ఏమేం తీసుకెళ్లారో రాసిచ్చిన చీటీ లేదు. ఎందుకు తీసుకెళ్లారో చెప్పే నోటీసు లేదు. మూడో రోజు బండి చేతికొచ్చేసరికి పిండి పులిసి, పొంగి, పొయ్యి మీద కారి అట్టకట్టింది. సిలిండర్ రెగ్యులేటర్ జాడ లేదు. ఆమె పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రేపు మళ్లీ అదే రోడ్డు పక్కన పొయ్యి వెలిగించుకోవాల్సిన మనిషి.

తనిఖీల పేరుతో నోటీసు లేకుండానే బండ్లు ఎత్తేయడం, హోటళ్లు మూయించడం పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కుళ్లిన మాంసం, నల్లబడేదాకా కాచిన నూనె జనానికి పెట్టేవారిని వదిలేయమని ఎవరూ అనరు. ఫుట్‌పాత్ నడిచేవారిదే. కాదనం. కానీ నియమం చెప్పడానికి వచ్చినవారే నియమాన్ని కాళ్ల కింద వేసి తొక్కితే, ఆ తనిఖీకి చట్టం పేరు పెట్టుకునే అర్హత లేదు.

చట్టం ఏం చెబుతోందో ఒకసారి చూడాలి. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి, అర్హులందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించరాదని అందులో ఉంది. కదిలించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే అక్కడికక్కడే జాబితా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే యజమాని అడిగిన రోజే, మిగతావైతే రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. దోసె పిండి పాడైపోయే సరుకు కాదా? మూడు రోజులు ట్రాలీలో ఎండబెట్టమని ఏ సెక్షన్ చెప్పింది?

నాలుగు గోడల మధ్య నడిచే హోటల్‌కు ఇంకో చట్టం ఉంది, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. వంటగదిలో లోపం కనిపిస్తే అధికారి మొదట చేయాల్సిన పని తాళం వేయడం కాదు. 32వ సెక్షన్ కింద ఏం తప్పు ఉందో, ఏం సరిచేసుకోవాలో రాసి, 14 రోజులకు తగ్గని గడువుతో నోటీసు ఇవ్వాలి. అప్పటికీ వినకపోతే లైసెన్సు నిలిపివేత, ఆ తర్వాత రద్దు. జనం ప్రాణానికే ముప్పు అనుకున్నప్పుడు కూడా, అత్యవసర నిషేధ ఉత్తర్వు కోరడానికి కనీసం ఒక రోజు ముందు యజమానికి నోటీసు అందాలి. నమూనా తీసుకుంటే దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపమని అడిగే హక్కు యజమానిది. తీసుకున్న నమూనాకు మార్కెట్ ధర కట్టివ్వాలని కూడా చట్టంలోనే ఉంది. బిర్యానీ నమూనా పట్టుకెళ్తూ పైసలు లెక్కపెట్టి ఇచ్చిన అధికారిని చూసినవారు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరైనా ఉంటే మాకు రాయండి. పేరు వేసి ప్రచురిస్తాం.

ఇప్పుడు గల్లా వెనక కూర్చున్న మనిషి వైపు చూద్దాం. మహబూబ్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో ఏ చిన్న హోటల్‌లోనైనా గోడ మీద దేవుడి పటం పక్కనే కాగితాలు వేలాడుతుంటాయి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ సర్టిఫికెట్, తూకానికి తూనికలు కొలతల శాఖ ముద్ర. ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటితే జీఎస్టీ. వీటిలో ఒక్కటి గడువు దాటినా, ఒక్కటి గోడ మీద కనిపించకపోయినా జరిమానా. చదువు అంతంతమాత్రమైన యజమాని నెట్ సెంటర్ చుట్టూ తిరిగి ఈ కాగితాలన్నీ కట్టగట్టి పెట్టుకోవాలి. ఆయన్ని కాగితం అడిగేవారు మాత్రం ఒక్క కాగితమూ ఇవ్వకుండా షట్టర్ దించేయవచ్చు. ఇదెక్కడి న్యాయం?

నారాయణపేట అవతలే కర్ణాటక. అక్కడ 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు జీఎస్టీ నోటీసులు పంపితే, బెంగళూరులో వ్యాపారులు క్యూఆర్ కోడ్‌లు పీకేశారు. ఆ నోటీసుల మంచిచెడ్డలు వేరే సంగతి. కనీసం చేతికో కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని అడగగలిగారు, కొట్లాడగలిగారు, ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గేలా చేయగలిగారు. కాగితమే లేనివాడు ఏ పేజీ పట్టుకుని అప్పీలుకు వెళ్లాలి? నోటీసు ఇవ్వకపోవడమంటే జవాబు చెప్పుకునే దారిని ముందే మూసేయడం.

సర్కారు వంటగదికి వచ్చేసరికి ఈ దూకుడు ఏమవుతోంది? 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే. హైకోర్టు కూడా ఆగ్రహించింది. ఆహార భద్రత చట్టం దృష్టిలో ఆహార వ్యాపారమంటే లాభం కోసమైనా కాకపోయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఒక్కటే. ఆ మాట నిర్వచనంలోనే ఉంది. సర్కారు పొయ్యి దగ్గర విచారణ, వివరణ, నివేదిక అంటూ ఓపిగ్గా వరుస పాటిస్తారు. బతుకుదెరువు పొయ్యి దగ్గరకు నేరుగా ట్రాక్టర్ పంపుతారు. పాఠశాల వంట ఆపేయమని మేము అనడం లేదు. ఆ వరుస బండి నడిపే ఆమెకు ఎందుకు లేదని అడుగుతున్నాం.

ఈ అలవాటును ఇవాళ చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఇదే పద్ధతి అయి కూర్చుంటుంది. ఈసారి బండి. ఆ తర్వాత చికెన్ సెంటర్, లాడ్జి, ఫంక్షన్ హాలు. కాగితం లేకుండా ఎత్తుకెళ్లడం మొదలైన చోట కాగితం లేకుండా వదిలేయడమూ ఉంటుంది. ఆ వదిలేయడానికి రేటు ఎలా కుదురుతుందో ఈ జిల్లాల్లో ఏ హోటల్ యజమానినైనా పక్కకు పిలిచి అడగండి. నోటీసు ఇస్తే దానికి నంబరు పడుతుంది, తేదీ పడుతుంది, కింద సంతకం ఉంటుంది. సంతకం పెట్టడానికి వెనకాడే చెయ్యి తాళం వేయడానికి ఎందుకు తొందరపడుతోంది?

కలెక్టర్లు, పురపాలక కమిషనర్లు ఒక పని వెంటనే చేయాలి. ఈ ఏడాది ఎన్ని బండ్లు, ఎన్ని షట్టర్లు, ఏ నోటీసు నంబరుతో మూయించారో వార్డులవారీగా బయటపెట్టాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే, సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాల్సిన టౌన్ వెండింగ్ కమిటీ ఎప్పుడు కూర్చుందో, ఏం రాసుకుందో చూపాలి. కారణం లేకుండా వేధింపుగా సరుకు పట్టుకున్న ఆహార భద్రత అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉందని ఆహార భద్రత చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. హోటల్ గోడకు ఎన్ని కాగితాలు కావాలో కంఠతా వచ్చిన అధికారులు ఆ సెక్షన్ కూడా చదవాలి. ఆ బస్టాండు దగ్గర ఆమెకు రావాల్సిన జాబితా ఇంకా రాలేదు. రాసివ్వండి. రెగ్యులేటర్ ఎక్కడుందో వెతికి తెచ్చివ్వండి.