తూటాలు లెక్కపెట్టి సినిమాకు మార్కులు వేయకండి

యాక్షన్ సినిమా విడుదలైందంటే చాలు, ఒక కొత్త తరహా సమీక్ష సిద్ధమైపోతోంది. హీరో చేతిలోని పిస్టల్‌లో పట్టేవి పదిహేడు తూటాలు, ఆయన కాల్చినవి పందొమ్మిది. సైలెన్సర్ బిగించిన తుపాకి అంత మెత్తగా దగ్గదు. కారు తలుపు తూటాను ఆపదు. పెట్రోలు ట్యాంకు అలా పేలదు. మాజీ సైనికుడో, షూటింగ్ శిక్షకుడో తెర పక్కన కూర్చుని ఒక్కో కాల్పుల ఘట్టానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంటాడు. చూడటానికి సరదాగానే ఉంటుంది, పట్టిన తప్పులు కూడా నిజంగా తప్పులే. నా పేచీ ఆ కొలబద్దతో. తుపాకి ఎలా పనిచేస్తుందో సరిగ్గా చూపితే అదే వాస్తవికత అని తేల్చేస్తున్నారు. తుపాకి మనిషిని ఏం చేస్తుందన్నదానికి ఆ పట్టికలో ఒక్క మార్కు కూడా లేదు.

సాంకేతిక జాబితా ఇప్పటికే అందరికీ కంఠతా వచ్చేసింది కాబట్టి త్వరగా దాటేద్దాం. ఏకే తరహా రైఫిల్ నిమిషానికి సుమారు 600 తూటాల వేగంతో కాలుస్తుంది. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే 30 తూటాల మ్యాగజైన్ మూడు సెకన్లలో ఖాళీ. సైలెన్సర్ మోతను 20 నుంచి 35 డెసిబెల్స్ మేరకు తగ్గిస్తుందే తప్ప మాయం చేయదు. ధ్వని కన్నా వేగంగా వెళ్లే తూటా గాలిని చీల్చేటప్పుడు చేసే చప్పుడును అది ముట్టుకోనైనా లేదు. తూటా తగిలినవాడు వెనక్కి ఎగిరి అద్దాల మీద పడటం మరీ విడ్డూరం. ఎనిమిది గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వచ్చి 70 కిలోల మనిషి ఒంట్లో ఆగిపోయిందనుకోండి, అతనికి అందే వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్లు. మనిషిని ఎగరగొట్టేంత తోపు దానికి నిజంగా ఉంటే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం కాల్చినవాడు కూడా అంత దూరమూ వెనక్కి ఎగిరిపడాలి.

ఈ తప్పులు దిద్దుకోవడం పరిశ్రమకు ఎప్పుడో తెలిసిపోయింది. అగ్ర నటులు నెలల తరబడి షూటింగ్ రేంజిలో సాధన చేస్తున్నారు. వాళ్ల పిస్టల్ పట్టు, నిలబడే తీరు, మ్యాగజైన్ మార్చే ఒడుపు కమాండోలకు తీసిపోవు. పది తూటాలు, పది శవాలు. నిపుణుడు మురిసిపోయి పదికి తొమ్మిది వేస్తాడు. సరిగ్గా అక్కడే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ ఘట్టంలో పరికరం ఒక్కటే నిజం, మిగతాదంతా కల్పన. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 దాకా జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ పోలీసులు కాల్చినవాటిలో గురికి తగిలినవి సగటున 18 శాతం. అవతలివాడు తిరిగి కాల్చనప్పుడు కూడా 30 శాతమే. వాళ్లేమీ తుపాకి పట్టడం రానివాళ్లు కాదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు వేళ్లు వణుకుతాయి, చూపు కుంచించుకుపోతుంది, రేంజిలో నేర్చిన విద్యలో సగం ఎగిరిపోతుంది. మరి ఆ తగలని 82 శాతం ఎక్కడికి పోయాయి? గోడల్లోకి, కిటికీల్లోకి, ఒక్కోసారి దారిన పోయేవాళ్లలోకి. ఆ దారిన పోయే మనిషి తెర మీదా ఉండడు, నిపుణుడి పట్టికలోనూ ఉండడు.

అసలు ఎదురుకాల్పులంటే ఏమిటో తెలియాలంటే 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీ దగ్గర జరిగినదాన్ని చదవాలి. బ్యాంకు దోపిడీల కేసులో వెతుకుతున్న ఇద్దరు దుండగులను అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెందిన ఎనిమిది మంది ఏజెంట్లు కార్లతో అడ్డగించారు. అయిదు నిమిషాల్లోపు అంతా ముగిసింది. పేలిన తూటాలు సుమారు 145. కార్లు ఢీకొన్న కుదుపుకే, మంచి గురికాడని పేరున్న ఏజెంటు కళ్లద్దాలు ఎగిరిపోయాయి. చేతికి తూటా తగిలిన మరొకరు రివాల్వర్ నింపుకోబోతే తన రక్తమాంసాలే తూటాల గదుల్లో అడ్డుపడ్డాయి. ఇంకొకరి ముంజేయి ఎముక నుజ్జయిపోయింది, ఆయన షాట్‌గన్‌ను మిగిలిన ఒంటిచేత్తోనే లోడ్ చేస్తూ కాల్చాడు. దుండగుల్లో ఒకడికి తొలి క్షణాల్లోనే చేతిలోంచి ఛాతీలోకి తూటా దిగి గుండెకు దాదాపు అంగుళం దూరంలో ఆగింది. ఏ సినిమాలోనైనా అక్కడితో వాడి కథ ముగుస్తుంది. వాడు మాత్రం లేచి తిరుగుతూ కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లను వాడు చంపింది ఆ గాయం తగిలిన తర్వాతే. చివరికి దుండగులిద్దరూ చనిపోయారు, మరో అయిదుగురు ఏజెంట్లు గాయాలతో మిగిలారు.

అందరిలోకీ బాగా కాల్చగలవాడు మొదటి నిమిషంలోనే కళ్లద్దాలు పోగొట్టుకున్నాడని స్క్రిప్టులో రాసుకెళితే ఏ నిర్మాతా ఒప్పుకోడు. నిజం అంత నామోషీగా ఉంటుంది. ఆ ఘటన తర్వాత తూటాల ప్రభావాన్ని తిరగదోడిన ఎఫ్‌బీఐ 1989లో ఒక మాట రాసుకుంది: గుండె పూర్తిగా ధ్వంసమైనా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి పది పదిహేను సెకన్లు తెలిసి తెలిసి కదలగలడు. తెర మీద విలన్ అనుచరుడు మాత్రం స్విచ్చి కట్టేసినట్టు పడిపోతాడు. అది దర్శకుడి అజ్ఞానమని నేననుకోను, అవసరమనుకుంటాను. చావడానికి వాడికి వ్యవధి ఇస్తే అరుస్తాడు, పాకుతాడు, అమ్మను పిలుస్తాడు. అప్పుడు రెండోవాణ్ని కాల్చడం హీరోకు కష్టమవుతుంది, చూడటం మనకు అంతకన్నా కష్టమవుతుంది. ముప్పై మందిని కాల్చే ఘట్టం ముప్పై మందీ చప్పుడు చేయకుండా పోతేనే సాగుతుంది.

హీరో భుజం సంగతి కూడా చెప్పుకోవాలి. తూటా తగలడానికి సినిమా అతనికి కేటాయించిన చోటు అదొక్కటే. పళ్లు బిగించి, చొక్కా చింపి కట్టుకుని, మరుసటి సన్నివేశంలో అదే చేత్తో గోడ ఎక్కుతాడు. నిజానికి మెడ కింద ఉండే కాలర్ ఎముక వెనుక నుంచి చేతికి వెళ్లే పెద్ద ధమని, దాని పక్కనే చేతిని ఆడించే నరాల అల్లిక ఉండే చోటది. ధమని తెగితే రక్తం ఆపడానికి కట్టు కట్టే వీలు కూడా సరిగ్గా ఉండదు. నరాలు తెగితే ఆ చెయ్యి జీవితాంతం గ్లాసు కూడా పట్టలేకపోవచ్చు. కాలికి కాల్చి ప్రాణాలతో వదిలేయడం అనే ఉదారత కూడా ఇలాంటిదే. తొడ ధమని తెగిన మనిషి నిమిషాల్లో పోవచ్చు. మ్యాగజైన్‌లో రెండు తూటాలు ఎక్కువైతే ఎగిరిపడే విమర్శకులు ఈ భుజాన్ని మాత్రం ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు.

1995 నాటి హాలీవుడ్ సినిమా ‘హీట్’లో బ్యాంకు దోపిడీ తర్వాత వచ్చే వీధి కాల్పులకు అందరూ పూర్తి మార్కులు వేస్తారు. నటులకు బ్రిటిష్ ప్రత్యేక దళంలో పనిచేసిన ఆండీ మెక్‌నాబ్ శిక్షణ ఇచ్చాడు కాబట్టి పొగడ్తలన్నీ మ్యాగజైన్ మార్చిన తీరుకే పోతాయి. నేనైతే ఆ మార్కులు శబ్దానికి వేస్తాను. దర్శకుడు మైకేల్ మాన్ తర్వాత అతికించే తుపాకి మోతలను పక్కనబెట్టి, లాస్ ఏంజెలిస్ వీధుల్లో చిత్రీకరణప్పుడు రికార్డయిన మోతనే ఉంచాడు. పెద్ద పెద్ద భవనాల మధ్య అది గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ తిరుగుతుంది, ఎటు నుంచి వస్తోందో తెలియదు. అక్కడ తుపాకి అందంగా లేదు, భయం పుట్టిస్తుంది. తక్కిన సినిమాల్లోనో? తుపాకి మోత 140 డెసిబెల్స్ దాటుతుంది. హీరో మాత్రం లిఫ్టులో నలుగురిని కాల్చి, తలుపు తెరుచుకోగానే చెవిలో వినిపించిన గుసగుసకు చక్కగా జవాబిస్తాడు.

సినిమా వినోదం, శవపరీక్ష నివేదిక కాదు అనేవాళ్లున్నారు. నిజమే, అందుకే తమది కల్పన అని దాచుకోని సినిమాలతో నాకు తగాదా లేదు. రెండు చేతుల్లో రెండు పిస్టళ్లతో గాలిలో తేలుతూ కాల్చే హీరో నన్ను మోసం చేయడం లేదు. అది నృత్యమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను తప్పుపట్టేది ‘అంతా నిజంలా తీశాం, నిపుణులతో నేర్పించాం’ అని ప్రచారం చేసుకుని, నొప్పి లేని చావులను ఆ ముసుగులో అమ్మేవాళ్లను. పట్టు సరిగ్గా ఉంది కాబట్టి చావు కూడా ఇలాగే ఉంటుందని చూసేవాడు నమ్ముతాడు. తెలిసిన అబద్ధం కన్నా సగం నిజం ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఈ నొప్పి లేని చావుకు గిరాకీ దానంతటదే పుట్టలేదు, నియమాలు పెంచి పోషించాయి. అమెరికాలో ఏ వయసువాళ్లకు ఏ సినిమా తగునో చెప్పే రేటింగుల్లోకి 1984లో పీజీ-13 అనే వర్గం వచ్చింది. పదమూడేళ్ల లోపు పిల్లలకు కొన్ని సన్నివేశాలు తగకపోవచ్చని తల్లిదండ్రులకు హెచ్చరిక, అంతే. గేటు దగ్గర ఎవరినీ ఆపదు. దాని పైమెట్టు ఆర్, అందులో పదిహేడేళ్లు నిండనివారు పెద్దవాళ్లతోనే రావాలి. పిల్లల టికెట్లు పోగొట్టుకోవడం ఏ పెద్ద నిర్మాణ సంస్థకూ ఇష్టం ఉండదు. ఇప్పుడు నియమం చూడండి: పీజీ-13 సినిమాలో హింస ఉండవచ్చు, కానీ అది వాస్తవికంగానూ ఉండి, పైగా తీవ్రంగానో ఎడతెగకుండానో ఉండటం సాధారణంగా కుదరదు. అంటే ఎడతెగని కాల్పులు కావాలనుకుంటే వదులుకోవలసింది వాస్తవికతను. రక్తం తీసేయి, గాయం తీసేయి, అరుపు తీసేయి, శవాల సంఖ్య మాత్రం నీ ఇష్టం. అదే నియమావళిలో లైంగికపరమైన ఘాటైన బూతు మాట రెండోసారి వస్తే సాధారణంగా ఆర్ తప్పదు.

ఫలితం కనిపిస్తూనే ఉంది. ‘పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం పీజీ-13 సినిమాల్లో తుపాకి హింస 1985 నాటితో పోలిస్తే మూడు రెట్లకు పైగా పెరిగింది. 2009 తర్వాతి పీజీ-13 సినిమాల్లో హింస ఆర్ సినిమాలతో సమానంగానో, అంతకు మించో ఉంది. పెద్దలకు మాత్రమే గాయం చూపిస్తాం, పిల్లలకు కాల్పులు మాత్రం చూపిస్తాం అనే ఏర్పాటు ఇది. నేనైతే తలకిందులు చేస్తాను. ఇద్దరు చనిపోయి, ఆ ఇద్దరి నొప్పీ, ఆసుపత్రీ, ఇంటివాళ్ల ఏడుపూ కనిపించే సినిమాను పద్నాలుగేళ్లవాడు చూడవచ్చు. రెండు వందల మంది రక్తపు చుక్క లేకుండా నేలకొరిగే సినిమాకు వాడు ఇంకో మూడేళ్లు ఆగాలి. నిర్మాణ సంస్థలు ఒప్పుకోవని తెలుసు. కానీ పదికి తొమ్మిది వేసే నిపుణులకు టికెట్ల బెంగ లేదు కదా, ఆ తొమ్మిదిలో అయిదు గాయానికి కేటాయించడానికి వాళ్లకేమిటి అడ్డం?