అల్లుడికి మర్యాద, ఆడపిల్లకి సంతకం

పండగ నెల పట్టిన దగ్గర్నుంచి నా ఫోన్ నిండా కొత్త అల్లుళ్ళే. ఈ చివర్నుంచి ఆ చివరికి బల్ల, బల్ల నిండా గిన్నెలు, పూతరేకులు, గొట్టం కాజాలు, అరిసెలు, సున్నుండలు, నాటుకోడి పులుసు, రొయ్యల ఇగురు, వాటి మధ్యలో పట్టుచొక్కా వేసుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక బిక్కమొహం వేసుకున్న కుర్రాడు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది కదా, అప్పట్నుంచి ఇదొక పోటీ అయి కూర్చుంది. ఎవరింట్లో వాళ్ళు ఎంత వండుకుంటే నాకేంటండీ, గోదారి జిల్లాలో పుట్టినదాన్ని, తిండి మీద నాకు కోపం ఎందుకుంటుంది. నాకు ఒళ్ళు మండేది వాటి పైన పెట్టే రాతలు చూసి. గోదారోళ్ళ మర్యాదంటే ఇదండీ ఆయ్ అని ఒకడు, ఆడపిల్లని లక్ష్మీదేవిలా చూసుకునే గడ్డ మాది అని ఇంకొకడు.

ఆ వీడియోలో లక్ష్మీదేవి ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా? మొగుడి పక్కన బొమ్మలా కూర్చునైనా ఉంటుంది, గరిటె పట్టుకుని వడ్డిస్తూనైనా ఉంటుంది. మైకు పట్టుకుని వచ్చినవాడు అల్లుడిగారిని ఏ ఐటం నచ్చిందండీ అని అడుగుతాడు, మామగారిని ఎన్ని రోజుల్నుంచి వండిస్తున్నారండీ అని అడుగుతాడు. అమ్మాయికి ఆస్తిలో ఏం రాసిచ్చారండీ అని మాత్రం అడగడు. అడిగితే ఆ పండగ పూట ఆ ఇంట్లో వాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు.

నాకు పిన్ని వరస ఒకావిడ ఉంది, పేరూ ఊరూ అనవసరం. ఒక కనుమకి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూద్దువుగాని రావే చెల్లెమ్మా అని వాళ్ళ అన్నయ్య ఏకంగా కారు పంపించాడు. ఎప్పుడూ లేనిది కారు పంపించాడని పిన్ని మురిసిపోయింది. తోడుగా నన్నూ ఎక్కించుకుంది. తీర్థం అయింది, ముక్కనుమ అయింది, మర్నాడు పొద్దున్నే టిఫిన్ పెట్టి, చిన్న పనుందమ్మా అని రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. పక్కన రేకుల షెడ్డులో డాక్యుమెంట్ రైటర్ అప్పటికే కాగితాలన్నీ టైపు చేయించి ఉంచాడు. ఏంట్రా అన్నయ్యా ఇది అంటే, ఏం లేదే, నాన్న పేరున ఉన్నది నా పేరు మీదకి మారాలంటే నువ్వొక సంతకం పెట్టాలంట, ఊరికే ఫార్మాలిటీ అన్నాడు. నేను తీసుకుని చదివాను. సోదర ప్రేమ చేత, ఎవరి బలవంతమూ లేకుండా, ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా హక్కు వదులుకుంటున్నాను అని ఉంది. చదివి పిన్నికి చెప్పాను కూడా. ఆవిడ ఒకసారి అన్నయ్య మొహం చూసింది, ఒకసారి నా మొహం చూసింది, నువ్వు ఊరుకోవే అంది.

లోపల వేలిముద్ర మిషన్ దగ్గర ఇంకో తమాషా. పిన్ని వేలు పడలేదు. జీవితమంతా అంట్లు తోమి, పిడకలు చేసి, ఆ బొటనవేలి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. తుడిచి పెట్టమన్నారు. కొంగుతో తుడిచి పెట్టింది, పడలేదు. తడి చేసి పెట్టమన్నారు, పడలేదు. వెనక జనం గొణుగుతున్నారు. అప్పుడు వాళ్ళ అన్నయ్యే వచ్చి, ఇలా కాదమ్మా అని ఆవిడ వేలు తన చేత్తో పట్టుకుని మిషన్ మీద గట్టిగా నొక్కాడు. పడింది. ఎవరి బలవంతమూ లేకుండా.

తిరిగొచ్చేటప్పుడు దారిలో కారాపి కొబ్బరి బొండం కొట్టించాడు. ఇంటికొచ్చాక వదిన బొట్టు పెట్టి చీర, గాజులు ఇచ్చింది. అప్పుడు మూడు కొబ్బరి చెట్లు, గట్టు తప్ప ఏమీ లేదనుకున్న ఆ పొలం ఇప్పుడు రొయ్యల చెరువు, ఏటేటా లీజు వస్తుంది. పిన్నికి మాత్రం కొత్త బియ్యం ఒక బస్తా, ఒక దింపు నుంచి నాలుగు కొబ్బరికాయలు వస్తాయి. మా అన్నయ్య ఏడాది తప్పడే, ఎంత మంచోడో అని అందరికీ చెప్పుకుంటుంది. తన వాటాలోంచి తనకే దానం పెడుతున్నాడని నేనంటే నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇంతవరకూ అయితే ఇది మామూలు కథ, ప్రతి ఇంట్లో ఉన్నదే అని మీరూ ఊరుకుంటారు, నేనూ ఊరుకునేదాన్నే. అసలు మంట తర్వాత వచ్చింది. ఇదే పెద్దమనిషికి మామగారు పోయారు. బావమరుదులు ఇద్దరూ కలిసి పొలం పంచేసుకోబోతున్నారని తెలిసింది. చూడాలండీ అప్పుడు ఆయన్ని! వకీళ్ళు కూడా పనికిరారు. పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు దేశమంతటికీ 2005లో వచ్చిందిగానీ మన రాష్ట్రంలో రామారావుగారి టైములో 1986లోనే చట్టం చేశారు, తెలుసా? 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పేసింది, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికుండాలన్న రూలు కూడా లేదు. వీలునామా రాయకుండా పోతే స్వార్జితంలో కూడా కూతురికీ కొడుకుకీ సమానమే. ఇవన్నీ పెద్దల్లో కూర్చుని గడగడా చెప్పాడు. ఒక్క ముక్క తప్పు లేదు. నిజంగానే చట్టం అంతే. మరి ఇన్ని తెలిసినాయన రేకుల షెడ్డులో చెల్లెలికి ఇది ఫార్మాలిటీ అని ఎలా చెప్పాడో నాకిప్పటికీ అర్థం కాదు. అడిగాను కూడా. దానికేం తక్కువమ్మా, దాని పెళ్ళికి మేం పెట్టలేదా అన్నాడు. ఆయన పెళ్ళానికీ వాళ్ళు పెట్టారు కదండీ, ఆ పెట్టింది మీ ఇంటికే వచ్చింది కదా అంటే, అది వేరు.

అదే వేరు. మన దగ్గర అన్నీ వేరే. కోడలు పుట్టింటి వాటా తెచ్చుకుంటే హక్కు. కూతురు అడిగితే పుట్టింటి గుమ్మం తొక్కనివ్వం, అన్నని కోర్టుకీడ్చింది, దీనికి మొగుడు నేర్పిస్తున్నాడు. అత్తగారూ ఆవిడే, అమ్మా ఆవిడే, నోరూ అదే, ఉదయం ఒక మాట, సాయంత్రం ఒక మాట. పండక్కి బరుల దగ్గర కోడి మీద ఒక్క పందెంలో ఎంత పోయిందో గొప్పగా చెప్పుకునే మగాళ్ళు, ఆడపడుచుకి అరెకరం అనేసరికి పిల్లల చదువులు, అప్పులు, రేటు లేని ధాన్యం అన్నీ ఏకరువు పెడతారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం కదా మనం, అక్కడ కూడా అమ్మేది ఎవరి మెడలో పుస్తెలో ఎవరూ ఆలోచించరు.

ఇప్పటి కుర్రాళ్ళు మారారు అంటారు. మారారు, మాట మారింది. మాకు కట్నం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం అంటున్నారు. ఆ ఇష్టంలో ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, సంగీత్, అబ్బాయి అమెరికా ఫ్రెండ్సుకి ఏసీ రూములు, ఆడపడుచు లాంఛనం, ఇవన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. తర్వాత పోస్టు పెడతాడు, నో డౌరీ మ్యారేజ్ అని. 1961 నాటి చట్టంలో కట్నం ఇచ్చినవాడూ నేరస్థుడే, పుచ్చుకున్నవాడూ నేరస్థుడే. కానీ అందులోనే ఇంకో మాట కూడా ఉంది, అది ఎవరూ చదవరు. కట్నం ఎవరి చేతికి అందినా మూడు నెలల్లోగా పెళ్ళికూతురికి అప్పగించాలి. మన గోదారి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో అప్పగించారో మీ ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టి చూసుకోండి. కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదంటారు, ఆ కట్నమేమో అల్లుడి ఫ్లాటుకి అడ్వాన్సు అయిపోయి ఉంటుంది. అమ్మాయి చేతిలో ఏముంది? ఆల్బం ఉంది.

మళ్ళీ మనమే రాజమండ్రి అనగానే వీరేశలింగంగారి పేరెత్తుతాం, 1881లోనే వితంతు వివాహం జరిపించిన గడ్డ అని మైకు దొరికిన ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆ సభ నుంచి ఇంటికొచ్చి, తాళి కట్టే టైముకి కూతురి పెళ్ళిలో భర్త లేని తల్లిని వెనక్కి జరగమంటాం.

ఇంతా చెప్పి ఆడవాళ్ళ పక్షం ఒక్కటే మాట్లాడితే నాదీ ఒంటికన్ను చూపే అవుతుంది. వాటా కావాలి, నిక్కచ్చిగా కావాలి, కానీ అమ్మ మంచాన పడితే అది అన్నయ్య డ్యూటీ అనే అక్కాచెల్లెళ్ళు నాకు బాగా తెలుసు. హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసి, వదినా అమ్మకి మందులు టైముకి వేస్తున్నావా అని ఆరా తీస్తారు. మూడు పూటలా డైపర్ మార్చేది ఆ వదిన, ఆస్తిలో ఆవిడ పేరు ఎక్కడా లేదు, మంచి పేరు అంతకన్నా లేదు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది, అందులో పిల్లలంటే కొడుకులని రాయలేదు, కొడుకులూ కూతుళ్ళూ ఇద్దరూ. పొలం దగ్గర సమానం, మంచం దగ్గర ఆడపిల్ల పరాయిది అంటే కుదరదమ్మా. ఇది చదివి మా ఇంట్లో ఇద్దరికి కోపం వస్తుందని నాకు తెలుసు, రానివ్వండి.

అయినా ఒక తేడా ఉంది. చూడని కొడుకు వాటా ఎవరూ ఆపరు. అమ్మని చూడకపోయినా, నెలకొక్కసారి ఫోన్ చేయకపోయినా, డల్లాస్‌లో కూర్చున్నా వాడి వాటా వాడిది, తలకొరివి పెట్టేవాడు కదా. చూసిన కూతురికి కూడా అడిగితేనే చెడ్డపేరు. అందుకే నాకు ఈ ప్రేమలు, పసుపు కుంకుమలు, పుట్టింటి సారెలు అంటే అనుమానం పట్టుకుంది. చీర పెట్టినప్పుడల్లా వెనకాల కాగితం ఏమైనా ఉందేమో అని చూస్తున్నాను.

నాకు ఒక కొడుకు, ఒక కూతురు. మొన్నామధ్య మేమిద్దరం కూర్చుని వీలునామా రాయించాం, ఇల్లు, కొబ్బరితోట చెరి సగం, మమ్మల్ని చూసే బాధ్యత కూడా చెరి సగం. కొడుకు చదివి సరే అన్నాడు, స్పెల్లింగ్ తప్పు ఒకటి దిద్దాడు. కూతురు, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ అంది. చుట్టాలకి ఎలా తెలిసిందో తెలిసింది. మా పెద్దాడపడుచుగారు ఫోన్ చేసి, ఉన్నదంతా తీసుకెళ్ళి అల్లుడి మొహాన పోస్తున్నావంట, నీకేమైనా మతిపోయిందా అంది. అల్లుడికి కాదు వదినా, పిల్ల పేరు మీదే రాశాం అన్నాను. అదే మరీ అన్యాయం, రేపు అల్లుడు ఏమనుకుంటాడు అంది.