అయిదు రాత్రులు నిద్ర లేకపోతే దానికి పేరు సమాధి కాదు

మా పిన్ని కొడుకు పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాడు. ఏ శిబిరం అని అడక్కండి. వచ్చిన మర్నాటి నుంచి నిద్ర లేదు. అర్ధరాత్రి డాబా మీద తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని, "వెన్నులోంచి మంట పైకి పాకుతోంది అక్కా, ఆ కుక్క ఎందుకు మొరుగుతోందో నాకు తెలుస్తోంది" అంటాడు. పిన్నేమో పొంగిపోయి వాడికి కుండలిని, అంటే వెన్ను అడుగున నిద్రపోతుంటుందని యోగులు చెప్పే శక్తి, లేచిందని చుట్టాలందరికీ ఫోన్లు. శిబిరం వాళ్లనడిగితే "మంచి సూచనే, సాధన ఆపొద్దు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

దీపం పెట్టందే కాఫీ తాగని మనిషిని నేను, ఇలాంటివి జరగవనీ అనను. గుడివాడలో పెరిగిన తత్వవేత్త యూజీ కృష్ణమూర్తి 1967లో తన ఒంట్లో వచ్చిన మార్పుల్ని జ్ఞానోదయం అనలేదు, 'కెలామిటీ' అన్నాడు. అంటే ఉపద్రవం. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1922లో అమెరికాలోని ఓహాయ్‌లో మెడనొప్పితో, ఒంటి వేడితో సగం స్పృహలో ఉంటే పక్కన తమ్ముడు నిత్యానంద ఉన్నాడు, చూసుకునే మనుషులున్నారు. గోపీకృష్ణ అని కశ్మీరీ, మామూలు గుమాస్తా, పదిహేడేళ్లు ధ్యానం చేశాక 1937లో ఏదో వెలుగు చూశాడు. ఆ తర్వాత తిండీ నిద్రా పోయి, పిచ్చెక్కుతోందేమోనని ఎంత హడలిపోయాడో తనే రాసుకున్నాడు. వాట్సాప్‌లో ఈ పేర్లు తిప్పేవాళ్లు వెలుగు దగ్గరే ఆపేస్తారు, అదేం చోద్యమో!

డాక్టర్లు అన్నిటికీ పిచ్చి అని ముద్ర వేస్తారనేదీ పాత మాటే. అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని వర్గీకరించే పుస్తకం డీఎస్‌ఎంలో, 1994 నాటి నాలుగో కూర్పు నుంచే 'మత, ఆధ్యాత్మిక సమస్య' అని జబ్బు కిందికి రాని విడి పద్దు ఉంది. కానీ అదా, నిద్ర పోగొట్టి మనసును పట్టపగ్గాల్లేకుండా చేసే బైపోలార్ జబ్బా అన్నది పిన్నీ నేనూ తేల్చేది కాదు కదా. ఎవరికి చూపించాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

అయిదో రాత్రి గడిచాక వాణ్ని బతిమాలి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దేవుడి గురించి ఒక్క మాట అనలేదు. ఎన్ని గంటలు పడుకున్నావు, ఎవరైనా ఏదైనా చెయ్యమని చెబుతున్నట్టు వినిపిస్తోందా, ఇవే. చివర్లో పిన్ని వైపు తిరిగి, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా అన్నాడు. లేదండీ అంది.

మా మావయ్య ఇరవై రెండేళ్లప్పుడు సన్యాసుల్లో కలిసిపోయాడని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుని, "అన్నయ్య కూడా వెళ్లిపోయే ముందు వారం రోజులు పడుకోలేదే" అంది.