ఫోన్ వీపున డబ్బా మోసేవాళ్ళ తరఫున ఒక విన్నపం

మన జిల్లాలో ఆటోవాళ్ళకి సంఘం ఉంది, రొయ్యల రైతులకి సంఘం ఉంది, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళు కూడా ఒక సంఘం పెట్టుకోని బ్యానర్ కట్టుకున్నారు, ఫోన్ వెనకాల ఎస్‌ఎస్‌డీ, అంటే వీడియోలు దాచుకునే చిన్న డ్రైవ్ డబ్బా, తగిలించుకోని వీడియోలు తీసేవాళ్ళకి మాత్రం ఏ దిక్కూ లేదు. వాళ్ళ గురించి మాట్లాడేదానికి ఒక మనిషైనా ఉండాల కదా అని ఈ నాలుగు ముక్కలు.

వీళ్ళని మీరు చూసే ఉంటారు. నెల్లూరులో ఏ కల్యాణ మండపానికి పోయినా స్టేజీ పక్కన, డబ్బులిచ్చి పిలిపించుకున్న ఫోటోగ్రాఫర్‌కి సరిగ్గా అడ్డంగా ఒకడు నిలబడుంటాడు. పెళ్ళికొడుకు తరఫు కాదు, పెళ్ళికూతురు తరఫు కాదు, ఫోన్ తరఫు. ఆ ఫోన్ చుట్టూ ఇనప చట్రం, వీపున అయస్కాంతంతో అతుక్కున్న చిన్న డబ్బా, దాని కింద పవర్ బ్యాంకు, పక్కన మైకు రిసీవరు, అన్నిటికీ మధ్యలో వేలాడతా ఒక వైరు. పాపం ఆపిల్ కంపెనీ వాళ్ళు టైటానియం వాడి మరీ 206 గ్రాములున్న ఐఫోన్ ప్రోని 187 గ్రాములకి దించారు, మనోళ్ళు దాన్ని అరకిలో దాటించిందాకా నిద్రపోలా.

ఇంత సరంజామా ఎందుకయ్యా అంటే దానికో లెక్కుంది. ఐఫోన్‌లో మామూలుగా 4కే వీడియో 30 ఫ్రేముల్లో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ. అదే ప్రోరెస్ అనే ఫార్మాట్‌లో అయితే నిమిషానికి 6 జీబీ. మామూలు ఫార్మాట్ ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య ఏం మారిందో అది మాత్రం దాచుకుంటది, ప్రోరెస్ అట్టా కాదు, ప్రతి ఫ్రేముని విడిగా, పెద్దగా నొక్కకుండా దాచిపెడతది, తర్వాత రంగులు సరిచేసుకునేదానికి బాగుంటదని. అంటే ఒక టీబీ డ్రైవ్‌లో మామూలు వీడియో అయితే నాలుగు రోజులు ఆపకుండా తీయొచ్చు, ప్రోరెస్ అయితే మూడు గంటలు కూడా రాదు. మన పెళ్ళిళ్ళ సంగతి చెప్పేదేముంది, గౌరీపూజ కాడ మొదలుపెట్టినోడికి జీలకర్ర బెల్లం టైముకి డ్రైవ్ ఫుల్లు, అప్పగింతలకి ఫోన్‌లో మిగిలిన ఖాళీ చూసుకోని వాడే ముందు ఏడుస్తాడు. పోనీ ఆ రంగులన్నా సరిచేస్తాడా అంటే, మండపం వాళ్ళ ఎల్‌ఈడీ లైట్లకి పెళ్ళికూతురు ముఖం అప్పటికే వంగపండు రంగులో ఉంటది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరు మనిషి రంగుకి తెచ్చుద్దో నాకైతే తెలవదు.

కంపెనీల చలవ కూడా తక్కువేం కాదులే. గోరంత మెమరీ కార్డు పెట్టుకునే సందు ఉండేది ఆండ్రాయిడ్ ఫోన్లలో, 2021లో శాంసంగ్ వాళ్ళు ఎస్21తో తమ పెద్ద ఫోన్లలోంచి ఆ సందు పీకేశారు. ఐఫోన్‌కి అసలు ఏనాడూ లేదు. 2023లో 15 ప్రోకి యూఎస్‌బీ సీ పెట్టి ఇకనుంచి బయట డ్రైవ్‌లోకే రికార్డ్ చేసుకోండి అన్నారు, ప్రోరెస్ 4కే 60 ఫ్రేముల్లో కావాలంటే మాత్రం బయట డ్రైవ్ ఉండి తీరాల్సిందే అన్నారు. 128 జీబీ మోడల్ కొన్నోడైతే ఫోన్ లోపల ప్రోరెస్, 4కే కన్నా చిన్నదైన 1080 సైజు దాటేదే లేదు. లోపల ఉండాల్సింది తీసేసి బయట అమ్మటం అనే ఈ పద్ధతి మన అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకి ఇంకా తట్టలా, తట్టిందంటే బాత్రూము కూడా విడిగా కొనుక్కోమంటారు.

ఇంక వైరు. ఆ ఫోన్ యూఎస్‌బీ సీ సందులోంచి సెకనుకి 10 గిగాబిట్లు పోతాయి, కానీ పెట్టెలో వాళ్ళిచ్చే వైరులో పోయేది 480 మెగాబిట్లే. డ్రైవ్‌లోకేమో సెకనుకి కనీసం 220 మెగాబైట్లు రాసే వేగం ఉండాలంటారు, ఆ 480 మెగాబిట్లని బైట్లలోకి మారిస్తే అరవై. సరే, మంచి వైరు కొందామని ట్రంక్ రోడ్డు మీద షాపుకి పోయి "అన్నా, ఇది ఫాస్టేనా" అని అడిగావనుకో, "65 వాట్స్ అన్నా, బో ఫాస్టు" అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఛార్జింగ్ ఫాస్టు. డేటా మాత్రం పాత యూఎస్‌బీ 2 వేగంతో నింపాదిగా నడిచిపోతా ఉంటది. లావుగా, జడలాగా అల్లుంది కదా అని నమ్మబాకండి, 10 జీబీపీఎస్ (అదే, సెకనుకి 10 గిగాబిట్లు) అని రాసుంటేనే తీసుకోండి. (వ్యంగ్యంలో సలహా ఏందని అడగబాకండి, ఇది ఉచితం.)

డ్రైవ్ ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళు సర్దిపెట్టే పద్ధతి, ఇంకో గండం. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసిన డ్రైవ్ పెడితే ఐఫోన్ దాంట్లో ఒక్క అక్షరం రాయదు, ఎక్స్‌ఫ్యాట్ కావాల, లేకపోతే ఏపీఎఫ్‌ఎస్. పాత ఫ్యాట్ 32 ఉంది చూశారా, దాంట్లో ఒక ఫైలు 4 జీబీ దాటేదానికి లేదు, అంటే ప్రోరెస్ లెక్కలో నలభై సెకన్లు, మూడు ముళ్ళలో రెండో ముడి కాడ ఆగిపోద్ది. మా చిన్నప్పుడు మార్కాపురం పలక నయం, నిండిందంటే తడిగుడ్డతో ఒక తుడుపు తుడిస్తే ఫార్మాట్ అయిపోయేది, ఏ సిస్టమ్‌లో చేశావని ఎవరూ అడగలా.

ఎండ సంగతి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్యలో వాడమని కంపెనీ వాళ్ళే రాసిపెట్టారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎంత కాగుద్దో వాళ్ళకెవరు చెప్పాల, రూలు ప్రకారం చూస్తే మే నెలలో మనూళ్ళో మధ్యాహ్నం పూట ఐఫోన్ వాడే హక్కు ఎవరికీ లేదు. ఒంగోలు వైపు బండలాగుడు పందేలకి మావోడొకడు ఇట్టాంటి సరంజామాతోనే పోయాడు. డబ్బా మీద సెకనుకి 1000 ఎంబీ అని రాసుంది, అది లోపలున్న క్యాష్, అంటే గబగబా రాసుకునే చిన్న తాత్కాలిక జాగా, నిండిందాకానే, చవక డ్రైవ్ అయితే ఆ తర్వాత వేగం దిగజారిపోద్ది, దానికి తోడు పైన ఎండ, వెనక పవర్ బ్యాంకు వేడి. ఎడ్లు ఇంకా బండ లాగతానే ఉండాయి, డ్రైవ్ మాత్రం వేడికి తాళలేక వేగం తగ్గించుకోని చతికిలబడింది. పక్కనున్న పెద్దాయన "ఏం అబ్బయా, ఆగిపోయినావే" అన్నాడంట. "థర్మల్ థ్రాట్లింగ్ పెదనాన్నా" అన్నాడంట మావోడు. "గాలికుంటు లాంటిదేదో అయ్యుంటది, టీకా వేయించు" అని పెద్దాయన ఎడ్ల కాడికి పోయాడు.

రెండు వేలకి 16 టీబీ అని ఆన్‌లైన్‌లో దొరికేవాటి గురించి ఎక్కువ చెప్పను. లోపల చిన్న మెమరీ కార్డో పెన్‌డ్రైవ్ చిప్పో ఉంటది, 16 టీబీ అని చెప్పమని దానికి నేర్పించి ఉంటారు, నిండినాక కూడా నిండలేదని చెప్తా పాతదాని మీదే కొత్తది రాసుకుంటా పోద్ది. మాట మీద నిలబడే విషయంలో కొంతమంది నాయకులు గుర్తొస్తే నన్ననబాకండి.

ఇంత పడీ చివరికి ఆ వీడియో పోయేది యాడికి? పిన్నమ్మ ఫోన్ చేసి "వాట్సాప్‌లో పెట్టు నాయనా" అంటది. వందల జీబీలు అక్కడ కొన్ని ఎంబీలై కూర్చుంటాయి, పిన్నమ్మ తన చీర కనపడిందాకా చూసి ఆపేస్తది. మిగతాదంతా డ్రైవ్‌లో, డ్రైవ్ బీరువాలో.

అందుకని అధికారులకి నా విన్నపం ఒకటే. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా కాడ, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటాం కదా, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె అని దేనికది బోర్డు పెట్టినట్టు, ఈసారి స్టోరేజ్ రొట్టెకి కూడా ఒక బోర్డు పెట్టించండి. ఒకటే చిక్కు. అక్కడ పద్ధతేందంటే కోరిక తీరినోడు మళ్ళా ఏడాది వచ్చి రొట్టె ఇయ్యాల, కోరుకునేవాడు తీసుకోవాల. రెండు టీబీ కావాలని ఈ ఏడు తీసుకున్నోడు, వచ్చే ఏటికి అదీ నింపేసి నాలుగు టీబీకి మళ్ళా తీసుకునే లైన్లోనే నిలబడుంటాడు. ఇచ్చేవాళ్ళ లైన్‌కి బారికేడ్లు అనవసరం, ఆ ఖర్చు మిగిలించుకోండి.