ఇటలీ జౌళి కేసు సంగతేంటి?
తన జౌళి మిల్లులకు ఏ దేశమైనా సాయం చేసుకుంటే తప్పేంటని ఒక వ్యాసంలో ఒకరు అడిగారు. ఆ తప్పేంటో 1974లోనే ఐరోపా న్యాయస్థానం ఇటలీకి చెప్పింది. 1971 చట్టంతో ఇటలీ, కార్మికుల కుటుంబ భత్యాల కోసం జౌళి యజమానులు కట్టాల్సిన వాటాను మూడేళ్లపాటు తగ్గించింది. మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు, భత్యమేమో ఇంటి పెద్ద పేరున మగవాళ్లకు వెళ్తుంది, కాబట్టి ఈ పరిశ్రమ కట్టేది ఎక్కువ, తిరిగొచ్చేది తక్కువ అని వాదించింది. తెలివైన వాదనే! కానీ కోర్టు ఉద్దేశం కాదు, ఫలితం చూస్తామంది. ఖజానా నుంచి డబ్బిచ్చినా, కట్టాల్సింది తగ్గించినా పక్క దేశం మిల్లుకు తగిలే దెబ్బ ఒకటే కదా. ఐరోపా దేశాల ఉమ్మడి మార్కెట్లో సుంకాలు ఎత్తేశాక ఇలాంటి దొడ్డిదారి తెరిచి ఉంచితే ఫ్రాన్స్, బెల్జియం చేతులు కట్టుకుని కూర్చుంటాయా?