సూదితో వేళ్లు గుచ్చితే పక్షవాతం ఆగదు

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న మెసేజ్ ఇది. ఎవరికైనా పక్షవాతం వస్తే కదిలించకండి, సూదిని మంట మీద కాల్చి పది వేళ్ల కొసల్లో గుచ్చి బఠాణీ గింజంత రక్తం తీయండి, మూతి వంకర పోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకూ గుచ్చండి, మనిషి మామూలయ్యాకే ఆసుపత్రికి తీసుకెళ్లండి అని ఉంటుంది. చైనా ప్రొఫెసర్ ఒకాయన చెప్పాడని కూడా రాస్తారు. మంచి మనసుతోనే పంపుతారు, కానీ దీన్ని నమ్మితే మనిషి దక్కకుండా పోవచ్చు.

"కదిలిస్తే మెదడులో సన్నని నాళాలు పగిలిపోతాయి."

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ఎక్కువ శాతం స్ట్రోకులు, అంటే పక్షవాతాలు, రక్తనాళం పగిలి కాదు, రక్తపు గడ్డ అడ్డుపడి నాళం మూసుకుపోవడం వల్ల వస్తాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. అంబులెన్స్ కుదుపులకు నాళాలు పగలవు. ఒకవేళ లోపల రక్తస్రావమే అయినా దానికి వైద్యం ఆసుపత్రిలోనే ఉంది. ఎలా చూసినా ఇంట్లో ఆగడానికి కారణం లేదు.

"వేళ్ల నుంచి రక్తం తీస్తే మెదడు తేరుకుంటుంది."

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. వేలి కొస నుంచి నాలుగు చుక్కలు పోతే మెదడు నాళంలో ఇరుక్కున్న గడ్డ కదలదు. ఆసుపత్రిలోనూ వేలికి సూది గుచ్చుతారు, అయితే అది షుగర్ చూడటానికి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు.

చెవుల సంగతీ అంతే. మూతి వంకర పోయేది ముఖ కండరాలను నడిపే మెదడు భాగానికి రక్తం అందక. తమ్మెకు గుచ్చితే ఆ రక్తం అందదు.

"మా బంధువుకి గుచ్చగానే లేచి కూర్చున్నాడు."

లేచి కూర్చోవడం నిజమే కావచ్చు. కొన్నిసార్లు గడ్డ తనంతట తానే కరిగి, కాసేపటికే చెయ్యీ మాటా తిరిగొస్తాయి. దీన్ని మినీ స్ట్రోక్ అంటారు. గుచ్చకపోయినా లేచేవాడే. తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉండిపోవడమే అసలు ముప్పు, ఎందుకంటే తర్వాతి రెండు రోజుల్లో పెద్ద స్ట్రోక్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. తగ్గినా సరే, అప్పుడే వెళ్లాలి.

"ఆసుపత్రికి వెళ్లినా చేసేదేమీ లేదు."

ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. 1995లో గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ మందు మూడు గంటల్లోపు ఇస్తే మేలని తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. ముందు సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూస్తారు, బీపీ 185/110 కంటే ఎక్కువుంటే దించుతారు. ఆ తర్వాత బరువును బట్టి మందు మోతాదు కట్టి, పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు నరంలోకి ఎక్కిస్తారు. ఈ మందుతో కొందరికి మెదడులో రక్తస్రావం అయ్యే రిస్క్ ఉంది, అందుకే అందరికీ ఇవ్వరు. గడ్డ కరిగించే మరో మందు టెనెక్టెప్లేస్ అయితే ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చేయొచ్చు.

పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం మెదడుదాకా పంపి, గడ్డను జాలీతో పట్టి బయటికి లాగేస్తారు. ఇది పనిచేస్తుందని 2015లో వరుస పరిశోధనలు రుజువు చేశాయి. కాపాడదగ్గ భాగం ఇంకా ఉందని స్కాన్‌లో తేలితే 24 గంటల వరకూ చేయవచ్చు. ఇన్ని దారులున్నా ఆలస్యమైతే ఒక్కొక్కటీ మూసుకుపోతుంది.

కాబట్టి మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఆ మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకోండి, డాక్టర్ ముందు అడిగేది అదే. మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే నీళ్లు కూడా తాగించకండి. స్కాన్ కాకముందే ఆస్పిరిన్ వేయకండి. సీటీ స్కాన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ రాత్రిపూట కూడా దొరికే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఈరోజే కనుక్కుని, ఆ నంబర్‌ని ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయండి.