బార్బెరినీ వారి కంచు తేనెటీగలకు ఓ ఉత్తరం

డియర్ తేనెటీగలూ,

రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి నడిమధ్య, దాదాపు 29 మీటర్ల కంచు మండపం మీద నాలుగు వందల ఏళ్లుగా కదలకుండా కూర్చున్నారు చూడండి, మీకే రాస్తున్నా.

మీ ఇంటిగుట్టు తెలిసిపోయింది. మీరసలు తేనెటీగలే కాదంట కదా! మీ యజమానులు, ఇటలీలోని బార్బెరినీ వంశం వారి పాత ఇంటిపేరు తఫానీ, అంటే జోరీగలు, వంశ చిహ్నంలో ఉన్నవీ మూడు జోరీగలేనంట. నాలుగు డబ్బులొచ్చాక చెవిలో రొదపెట్టే పురుగు ఏం బాగుంటుందని తేనెటీగలు చేసేశారు. ఇంటిపేరు మార్చుకున్నోళ్లని చూశాం గానీ పురుగుని మార్చినోళ్లని మిమ్మల్నే చూడ్డం.

1623లో మీ మఫ్ఫెయో గారు ఎనిమిదో అర్బన్ పేరుతో పోప్ అయ్యారు, మరుసటేడే శిల్పి బెర్నినీకి ఈ మండపం పని చెప్పారు. మండపం కింద సమాధి సెయింట్ పీటర్ గారిది, పూజ దేవుడికి, ముద్ర మాత్రం మీది. మెలికల స్తంభాల మీద లారెల్ ఆకుల్లో మీరే, పైన వేలాడే కంచు కుచ్చుల మీద మీరే, కింద పాలరాతి దిమ్మెల షీల్డుల్లో మళ్లీ ముగ్గురేసి మీరే. ఆ షీల్డుల పైన ఓ ఆడమనిషి మొహం ఉంటుంది, ఒక్కో దిమ్మెకీ నొప్పులు పడుతున్నట్టు మారుతూ మారుతూ చివరికి పసిబిడ్డ మొహం అవుతుంది, ఫొటో జూమ్ చేసి చూసి నోరెళ్లబెట్టా. బెర్నినీ మీద నాకేం కంప్లయింట్ లేదు, మహానుభావుడు.

గొడవంతా కంచుతోనే. 1625లో పాంథియాన్ అనే పాత రోమన్ గుడి వరండా కప్పులోని కంచు దూలాలు పీకించారు, తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం ఫిరంగులైంది. బార్బేరియన్లు, అంటే అనాగరికులు, చెయ్యనిది బార్బెరినీలు చేశారని రోమ్ జనం అప్పుడే సెటైర్ వేశారులెండి.

1633 జూన్‌లో మీ మండపం ఓపెనింగ్, అదే నెలలో అదే పోప్ హయాంలో గెలీలియోని మోకాళ్ల మీద కూర్చోబెట్టి భూమి తిరగదనిపించారు. రాతిలాంటి కంచు గుడ్డలా ఊగొచ్చు, స్తంభాలు మెలికలు తిరగొచ్చు, భూమి మాత్రం కదలకూడదు!

1644లో అర్బన్ గారు పోయారు, కొత్త పోప్ లెక్కలు అడిగేసరికి అర్బన్ గారి అన్న కొడుకులు ఫ్రాన్స్ పారిపోయారు. కొత్తాయన ఇంటి గుర్తు పావురం. పియాజ్జా నవోనా ఫౌంటెన్‌లో స్థూపం కొసన కూర్చుంది, ఆ ఫౌంటెన్ డిజైన్ చేసిందీ మీ బెర్నినీయే. మాకు రాళ్లొద్దు రొట్టె కావాలని జనం అక్కడా చీటీలు అంటించారు.

ఇట్లు,
వంశ చిహ్నం లేనివాణ్ని, మా ఇంట్లో ఉన్నవి దోమలే.